ఆలోచన ఎవరి సొత్తు?

ఒకప్పుడు మన ఇళ్ళల్లో పిల్లవాడు సినిమాల్లోకి వెళతానంటే తల్లి వంటింట్లో కళ్ళొత్తుకునేది, తండ్రి వారం రోజులు మాట్లాడేవాడు కాదు. ఇవాళ ఆ రోజులు పోయాయి. ఇంజనీరింగు ప్యాసై, నిక్షేపంలాంటి ఉద్యోగంలో వున్న కుర్రవాడు, "నేను టీవీ ప్రొడక్షన్‌లోకి వెళతాను, నా దగ్గర మంచి ఐడియా వుంది" అంటే తల్లిదండ్రులు కోప్పడరు, కంగారుపడతారు. కోపం నాలుగు రోజుల్లో చల్లారుతుంది గాని, కంగారు అలా చల్లారేది కాదు. ఆ కంగారంతా ఉత్తరాల రూపంలో ఈ శీర్షికకి చేరుతున్నది.

ఆ ఉత్తరాలన్నిటినీ వడగడితే మిగిలే ప్రశ్నలు మూడే. ఐడియా ఎవరికి చెప్పాలి? చెబితే వాళ్ళు కాజేయరా? కాజేయకపోయినా, ఈ వృత్తిని నమ్ముకుంటే నాలుగువేళ్ళూ నోట్లోకి పోతాయా? తెలుగు పాఠాలు చెప్పుకునే వాళ్ళకి టెలివిజన్ గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. కథ చెప్పి ఎదుటివాణ్ణి కూర్చోబెట్టడం మా వృత్తిలోనూ వున్నది కదా! పైగా మా తరగతిలో కూర్చుని వెళ్ళిన పిల్లలు కొందరు ఆ రంగంలోనే వున్నారు. వాళ్ళు అప్పుడప్పుడూ వచ్చి చెప్పే కష్టసుఖాలూ, కోర్టు తీర్పులు చదివి నేను తెలుసుకున్న సంగతులూ కలిపి ఈ వారం మీ ముందుంచుతాను.

ముందు ఐడియా అంటే ఏమిటో తేల్చుకుందాం. "ఒక ఉమ్మడి కుటుంబం, అన్నదమ్ముల మధ్య ఆస్తి తగాదా, మధ్యలో ఒక మంచి కోడలు" అని మొదలుపెడతారు చాలామంది. అది ఐడియా కాదు, విషయం మాత్రమే. బియ్యం వున్నంత మాత్రాన అన్నం వండినట్టు అవుతుందా? సినిమాకి ఒక ముగింపు వుంటే చాలు. రెండున్నర గంటల్లో కథ కంచికి, ప్రేక్షకులు ఇంటికి. టెలివిజన్‌కి అలా కుదరదు. "రేపు ఏమిటి?" అని అడిగితే జవాబుండాలి. ఎల్లుండికీ వుండాలి. తోడిన కొద్దీ ఊరే బావి కావాలి గాని, ఒక వానకి నిండి ఒక ఎండకి ఎండే గుంట పనికిరాదు.

మనందరికీ తెలిసిన ఉదాహరణ తీసుకుందాం. గుణ్ణం గంగరాజుగారి 'అమృతం' 2001 నవంబరులో జెమిని టీవీలో మొదలైంది. ఇద్దరు మిత్రులు ఒక హోటల్ పెట్టుకుని నాలుగు డబ్బులు సంపాదించాలని పడే పాట్లు అందులో విషయం. చెప్పుకుంటే ఒక్క వాక్యం. కాని హోటల్ అన్న తరువాత తలుపు తీసే వుంటుంది. ఏ వారం ఎవరైనా లోపలికి రావచ్చు, వచ్చినవాడు ఏదైనా తగువు తేవచ్చు. అందుకే వారానికొకటి చొప్పున 2007 దాకా 313 భాగాలు నడిచింది. అలాగే ఈటీవీలో 1996లో మొదలైన 'పాడుతా తీయగా'. పాటలు పాడే పిల్లలు ఏటేటా పుడుతూనే వుంటారు. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు 2020లో కన్నుమూసే వరకూ దాన్ని ముందుండి నడిపారు, ఆ తరువాత వారి అబ్బాయి చరణ్ అందుకున్నారు. మనిషి మారినా నిలబడగలిగింది కనుక దానిని కార్యక్రమం అన్నాం. ఒకే మనిషితో ముగిసిపోయేదైతే అది ప్రదర్శన.

ఈ "రేపు ఏమిటి" అన్న విద్య మన పాఠకులకి కొత్త కాదు సుమా! వారపత్రికలో సీరియల్ చదివేవారందరికీ అది తెలిసినదే. కథానాయిక ఉత్తరం విప్పబోతుండగా "వచ్చేవారం" అని పడుతుంది. ఆ వారం రోజులూ ఇంటిల్లిపాదీ ఆ ఉత్తరంలో ఏముందోనని తర్జనభర్జన పడతారు. ఇవాళ్టి టీవీ సీరియల్‌కి తాతగారు మన వారపత్రిక నవలే.

ఇది నేను గొప్పకి చెప్పే మాట కాదు. దూరదర్శన్‌లో దేశమంతటా పేరు తెచ్చుకున్న మొట్టమొదటి దీర్ఘ ధారావాహిక 'హమ్ లోగ్' 1984 జులై 7న మొదలైంది. దానిని రాసిన మనోహర్ శ్యామ్ జోషి హిందీ నవలాకారుడు, 'సాప్తాహిక్ హిందుస్తాన్' అనే వారపత్రికకి సంపాదకత్వం వహించినవాడు. దర్శకత్వం పి. కుమార్ వాసుదేవ్ చేశారు. ఇంతకీ అసలు ఐడియా వీరిద్దరిదీ కాదు. కుటుంబ నియంత్రణ వంటి మంచి మాటలు సీరియల్ కథలో కలిపి చెప్పే పద్ధతిని మెక్సికో దేశంలో మిగెల్ సబీదో అనే ఆయన అంతకుముందే నడిపి చూపించాడు. కేంద్రమంత్రిగా వుండిన వసంత్ సాఠే 1982లో మెక్సికో వెళ్ళి ఆ సంగతి తెలుసుకుని వచ్చాక, ఇక్కడ బీజం పడింది.

తెచ్చిన ఐడియాని తెచ్చినట్టే నాటితే మొలిచిందా? లేదు. మొదటి 13 భాగాలలో నీతిబోధ ఎక్కువై, కథ తక్కువైంది. చూసేవాళ్ళు పెదవి విరిచారు. అప్పుడు బోధ తగ్గించి, ఆ మధ్యతరగతి ఇంట్లో మనుషుల ఆశలూ, అలకలూ, పెళ్ళిళ్ళూ ముందుకి తెచ్చారు. ప్రతి భాగం చివరా అశోక్‌కుమార్ కనిపించి పెద్దమనిషి తరహాలో నాలుగు మాటలు చెప్పేవారు. ఇక చూడండి, జనం ఉత్తరాలు గుట్టలుగా రాశారు. 1985 డిసెంబరులో అది ముగిసేనాటికి టెలివిజన్ అంటే ఏమిటో దేశానికి తెలిసింది. ఐడియా మెక్సికోది, ప్రోత్సాహం మంత్రిది, కాని పేరు ఎవరికి వచ్చింది? దాన్ని మన ఇంటి భాషలో మాటకి మాట రాసినవారికీ, తీసినవారికీ.

ఇక రెండవ ముచ్చట, ఐడియాని అమ్మడం. ఇంగ్లండులో డేవిడ్ బ్రిగ్స్ అనే ఆయన లండన్‌లో ఒక రేడియో స్టేషన్‌లో శ్రోతలకి బహుమతుల పోటీలు తయారుచేసేవాడు. ఆయనా, మైక్ వైట్‌హిల్, స్టీవెన్ నైట్ అనే ఇద్దరు రచయితలూ కలిసి ఒక ప్రశ్నల ఆట ఊహించారు. ప్రతి సరైన జవాబుకీ డబ్బు పెరుగుతూ పోతుంది, తప్పితే చాలావరకు పోతుంది. దానికి మొదట పెట్టుకున్న పేరు 'డబ్బుకొండ' అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట. సెలడార్ అనే నిర్మాణ సంస్థ నడిపే పాల్ స్మిత్ దాన్ని ఐటీవీ ఛానల్‌కి తీసుకువెళ్ళాడు. వెంటనే ఒప్పుకున్నారా? లేదు. అంత డబ్బు పందెం పెడితే ఛానల్ మునిగిపోదా అని భయపడ్డారు. ఆ ఆట చాలాకాలం అలా తిరుగుతూనే వుంది.

తరువాత డేవిడ్ లిడిమెంట్ అనే కొత్త అధికారి వచ్చాడు. పాల్ స్మిత్ ఆయనకి ఉపన్యాసం ఇవ్వలేదు. కవర్లలో నిజమైన డబ్బు పెట్టుకుని వెళ్ళి, "రండి, మనమే ఆడదాం" అన్నాడు. అధికారి తన గదిలోనే కూర్చుని ఆడాడు. ఇంకో ప్రశ్నకి వెళ్ళాలా, వచ్చింది పుచ్చుకుని లేవాలా అని గుంజాటన పడ్డాడు. ఆ గుంజాటనే ఆ ఆటకి ప్రాణం. అది వివరిస్తే అర్థమయ్యేది కాదు, అనుభవిస్తేనే తెలిసేది. డబ్బు ఎక్కడినించి వస్తుందన్న ప్రశ్నకి కూడా జవాబు సిద్ధంగా వుంది. పోటీలో పాల్గొనదలచినవారు చేసే ఫోనుకి ఎక్కువ రుసుము పెడితే, ఆ వసూలే బహుమతి సొమ్ముకి ఆధారమవుతుంది. 1998 సెప్టెంబరు 4న అది ప్రసారమైంది. తరువాత వందకి పైగా దేశాలకి పాకింది. 2000 జులై 3న అమితాబ్ బచ్చన్ 'కౌన్ బనేగా కరోడ్‌పతి' అన్నారు. 2014లో నాగార్జున తెలుగులో 'మీలో ఎవరు కోటీశ్వరుడు' అన్నారు. మన సావిట్లో కూర్చుని మనం కేకలు వేస్తూ జవాబులు చెప్పిన ఆట, ఒకప్పుడు ఎవరూ వద్దన్న కాగితం.

ఇందులోంచి మన పిల్లలు నేర్చుకోవలసింది ఒకటుంది. ఛానల్‌కి వెళ్ళి, "ఇది చాలా కొత్తది సార్, అందరికీ నచ్చుతుంది" అని చెబితే ఎవరికీ పట్టదు. ఆ బల్ల అవతల కూర్చున్న ఆఫీసరు రోజూ వింటూ వుండేది ఆ మాటే. ఆయన మనసులో వుండే ప్రశ్నలు వేరు. ఎవరు చూస్తారు? ఏ సమయంలో చూస్తారు? ఎంత ఖర్చవుతుంది? నువ్వు తీయగలవా? వంద భాగాల తరువాత కూడా కథ వుంటుందా? ఈ అయిదింటికీ జవాబు చెప్పగలిగినవాడిని ఆయన కూర్చోమంటాడు. చెప్పలేనివాడికి మంచినీళ్ళిచ్చి పంపిస్తాడు.

సరే, చెప్పాం. ఆయన నవ్వుతూ విన్నాడు, కబురు చేస్తామన్నాడు. ఆరునెలల తరువాత మనం చెప్పినదే వేరే పేరుతో తెరమీద కనిపించింది. అప్పుడు ఏమిటి గతి? తల్లుల కంగారంతా ఇక్కడే వున్నది. ఈ విషయం కాస్త నిదానంగా చూడాలి.

చట్టం మొదటి మాట మనకి చేదుగానే వుంటుంది. ఉత్త ఆలోచనకి కాపీరైట్ లేదు. ఇంగ్లండులో హ్యూ గ్రీన్ అనే ఆయన కొత్త కళాకారులని పరిచయం చేసే పోటీ కార్యక్రమం ఏళ్ళ తరబడి నడిపి మహా పేరు తెచ్చుకున్నాడు. అదే పేరుతో, అవే ఊతమాటలతో, చప్పట్లు కొలిచే అదే యంత్రంతో న్యూజిలాండ్ ప్రసారసంస్థ మరొక కార్యక్రమం నడిపింది. ఆయన దావా వేశాడు. ఆ వ్యాజ్యం ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. 1989లో అక్కడ కూడా ఆయన ఓడిపోయాడు. ఆ ఊతమాటలూ ఆ యంత్రమూ కలిపినంత మాత్రాన కాపీరైట్ పొందదగిన నాటకరచన కాదు పొమ్మన్నారు.

మన సుప్రీంకోర్టు 1978లో అంతకుముందే ఈ మాట చెప్పింది. ఆర్.జి. ఆనంద్ అనే నాటకకర్త 'హమ్ హిందుస్తానీ' అనే నాటకం రాశారు. పంజాబీ కుటుంబం, మద్రాసీ కుటుంబం, ప్రాంతీయాభిమానాలు, మధ్యలో ప్రేమ. 1956లో 'న్యూఢిల్లీ' అనే సినిమా వచ్చింది. అది తన నాటకమేనన్నారు ఆయన. కోర్టు ఏమన్నదంటే, ప్రాంతీయాభిమానం అనే విషయం ఎవరి సొంతమూ కాదు, ఆ విషయాన్ని ఎలా చెప్పారన్నదే చెప్పినవాడి సొంతం. రెండింటిలోనూ చెప్పిన తీరు వేరు కనుక దావా చెల్లదన్నది. మాకు ఈ తీర్పు ఆశ్చర్యం కలిగించదు. రామకథ ఎవరి సొంతం? ఎందరు రాయలేదు? విషయం ఊరుమ్మడి బావి వంటిది. ఎవరి బిందెలో నీళ్ళు వాళ్ళవి.

అయితే చట్టానికి రెండవ మాట కూడా వుంది. అది మన పిల్లలకి తెలియాలి. ఆలోచనకి కాపీరైట్ లేకపోయినా, నమ్మి చెప్పిన మాటని నమ్మకద్రోహం చేసి వాడుకోరాదు. 2002లో ఢిల్లీ హైకోర్టు ముందుకి ఒక తగాదా వచ్చింది. అమ్మాయి టీవీలో పదిమంది వరుళ్ళని చూసి తనకి నచ్చినవాణ్ణి ఎంచుకునే కార్యక్రమం ఒకటి అనిల్ గుప్తా అనే ఆయన ఊహించి, 'స్వయంవర్' అని పేరు పెట్టి, సోనీ ఛానల్‌కి వివరించారు. తరువాత ఆ ఛానల్ అటువంటిదే వేరే పేరుతో తలపెట్టింది. స్వయంవరం మాకెందుకు తెలియదు, పురాణాల నించీ వున్నదే కదా అనేది అవతలివారి వాదం. నిజమే. దమయంతి చేసుకున్నది, ద్రౌపది చేసుకున్నది. కాని స్వయంవరం అనే పాత మాటని టెలివిజన్ కార్యక్రమంగా ఎలా నడపాలో ఇంత వివరంగా కూర్చడం కొత్త పని, దాన్ని నమ్మి చెప్పినప్పుడు వాడుకోవడం తగదన్నది కోర్టు. నాలుగు నెలల పాటు ఆ కార్యక్రమం ప్రసారం చేయరాదని నిలిపివేసింది.

మరుసటి ఏడు, 2003లో, బొంబాయి హైకోర్టులో ఇంకొకటి. శ్రీకృష్ణుడు పసివాడి రూపంలో ఒక ఇంటికి వచ్చే కథని సన్‌డయల్ అనే చిన్న సంస్థ రాసుకుని, కాగితం మీద పెట్టి, జీ సంస్థకి ఇచ్చింది. బేరం కుదరలేదు. తరువాత జీ టీవీలో అలాంటి కథే రాబోతున్నదని తెలిసింది. చిన్న సంస్థ కోర్టుకెక్కింది, గెలిచింది. మాటవరసకి చెప్పినది కాదు, రాసి ఇచ్చినది, ఫలానా రోజున ఫలానా వారికి ఇచ్చినది. ఆ కాగితమే వాళ్ళని కాపాడింది.

ఈ నాలుగు తీర్పులూ పక్కపక్కన పెట్టి చూడండి. అన్నిటిలోనూ ఒకే నీతి కనిపిస్తుంది. నోటిలో వున్న ఐడియా అందరిదీ, కాగితం మీదికి వచ్చిన ఐడియా నీది. ఎంత వివరంగా రాస్తే అంత నీది. విచిత్రమేమిటంటే, ఛానల్ ఆఫీసరు కొనేది కూడా ఆ వివరాన్నే. ఏది అమ్ముడుపోతుందో అదే కాపాడుతుంది. కాబట్టి "చెబితే కాజేస్తారు" అని భయపడి పెదవి విప్పకుండా తిరిగేవాడికి అమ్మకమూ లేదు, రక్షణా లేదు. వాడి ఐడియా వాడి బుర్రలోనే ముసలిదైపోతుంది.

మరి కాగితం మీద ఏమి రాయాలి? మా పిల్లలకి నేను చెప్పే పద్ధతి ఇది. మొదట ఒక్క వాక్యం. ఎవరు, ఏమి కోరుకుంటున్నారు, ఏది అడ్డు వస్తున్నది. ఈ మూడూ ఒక వాక్యంలో ఇమడకపోతే ఇంకా కథ తయారుకాలేదన్నమాట. తరువాత ఒక పేజీ కథ. తరువాత పాత్రలు, ఒక్కొక్కరికీ సగం పేజీ. వాళ్ళ వయస్సూ రంగూ కాదు రాయవలసింది. వాళ్ళు ఏమి దాచుకుంటారు, ఎవరిమీద కోపం తెచ్చుకుంటారు, డబ్బు దగ్గర ఎలా వుంటారు అన్నవి. తరువాత కనీసం పది భాగాలకి, భాగానికి అయిదేసి వాక్యాలు. చివర ఒక్క భాగం పూర్తి సంభాషణలతో. దానితోపాటు, ఎన్ని ఇళ్ళు, ఎన్ని సెట్లు, ఎంతమంది నటులు కావాలో ఒక జాబితా. అక్కడే ప్రొడ్యూసరుకి ఖర్చు అర్థమవుతుంది. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ముందే హీరో ఎవరో, సంగీతం ఎవరో రాసుకుని కూర్చోవద్దు.

కాలం లెక్క కూడా తెలుసుకోవాలి. గంటకి 12 నిముషాలకి మించి ప్రకటనలు వుండరాదని కేబుల్ టెలివిజన్ నిబంధనలు హద్దు పెట్టాయి. ఆ లెక్కన అరగంట సీరియల్‌లో కథకి దక్కేది 24 నిముషాలు, అందులో పేర్లూ నిన్నటి కథా పోను ఇంకా తక్కువ. వారానికి 6 రోజులు వచ్చే సీరియల్ ఏడాదిలో 300 భాగాలు దాటుతుంది. అంటే 'అమృతం' ఆరేళ్ళలో వాడుకున్నన్ని భాగాలని రోజువారీ సీరియల్ ఏడాదిలో మింగేస్తుంది. ఆ ఆకలికి సరిపడా కథ నీ దగ్గర వుందా అని ముందు నిన్ను నువ్వు అడుగు.

రాసినదాన్ని తేదీతో భద్రపరచాలి. ముంబైలోని స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్ తన సభ్యుల రచనలని నమోదు చేస్తుంది. ఎవరికి పంపినా ఈమెయిల్‌లో పంపాలి. ముఖాముఖి కలిసి చెప్పి వచ్చినా, ఆ సాయంత్రమే "ఇవాళ మీకు ఫలానా కథ వినిపించాను, సంతోషం" అని నాలుగు ముక్కలు రాయాలి. అది మర్యాదా అవుతుంది, సాక్ష్యమూ అవుతుంది. పెళ్ళిలో కట్నకానుకల పద్దు రాసుకోవడం మనకి సిగ్గు లేదు గాని, కథ ఇచ్చి రసీదు అడగడానికి మాత్రం మొహమాటం.

బేరం కుదిరాక ఇంకొక జాగ్రత్త. ఛానల్ భాగానికింత అని ఇచ్చి తీయించుకుంటే, సాధారణంగా హక్కులన్నీ ఛానల్‌కే పోతాయి. సమయం తానే కొనుక్కుని ప్రకటనలు అమ్ముకునే నిర్మాతకి హక్కు మిగలవచ్చు గాని, నష్టమూ ఆయనదే. జీతానికి కుదిరి రాస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు యజమానిదని 1957 కాపీరైట్ చట్టం చెబుతున్నది. హక్కు ఇంకొకరికి రాసి ఇవ్వాలంటే అది కాగితం మీద సంతకంతోనే జరగాలి. ఎన్నేళ్ళకో రాయకపోతే అయిదేళ్ళకే, ఏ దేశాలకో రాయకపోతే మన దేశానికే అని కూడా ఆ చట్టంలో వుంది. ఈ సంగతి తెలియక ఎక్కడ చూపితే అక్కడ సంతకం పెట్టే పిల్లలున్నారు. ఇందాకటి ప్రశ్నల ఆట సంగతే చూడండి. అమెరికాలో దాని లాభాల్లో తమ వాటా సరిగా ఇవ్వలేదని సెలడార్ సంస్థ డిస్నీ మీద దావా వేస్తే, 2010లో జ్యూరీ సుమారు 27 కోట్ల డాలర్లు ఇమ్మన్నది. అంత పెద్ద సంస్థ మీద నిలబడింది ఒప్పందంలోని వాక్యాలే.

ఇక చివరి ప్రశ్న, అన్నం సంగతి. నిజం చెప్పాలంటే, ఐడియా ఒక్కటి పట్టుకుని హైదరాబాదు బస్సెక్కినవాడు ఆ ఐడియాతోనే తిరిగి వస్తాడు. పని నేర్చుకోవడానికి వెళ్ళినవాడు నిలబడతాడు. ఈ వృత్తికి మెట్లున్నాయి. మొదటి మెట్టు ప్రొడక్షన్ అసిస్టెంటు. నటులకి కబురు పెట్టడం, బండ్లు సమయానికి వచ్చాయో లేదో చూడడం, నిన్నటి సీనులో కట్టిన చీరే ఇవాళా కట్టారా అని చూసుకోవడం. ఒక రోజు ఆలస్యమైతే ఎంత నష్టమో అక్కడ తెలుస్తుంది. తరువాత అసిస్టెంటు డైరెక్టరు కావచ్చు, ఎడిటింగు గదిలోకి వెళ్ళవచ్చు, రచయితల బృందంలో చేరవచ్చు, ఛానల్‌లో కార్యక్రమాల విభాగంలో కుదరవచ్చు. చదువుకుని వెళ్ళదలచినవారికి, 1960లో పూణేలో ఏర్పడిన ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో టెలివిజన్ విభాగం కూడా వుంది.

ఈ చాకిరీ వృథా పోదు. బాహుబలి తీసిన రాజమౌళిగారు మొదట కె. రాఘవేంద్రరావుగారి ఆధ్వర్యంలో ఈటీవీకి 'శాంతినివాసం' సీరియల్ తీశారు. 2001లో వచ్చిన 'స్టూడెంట్ నం. 1' దాని తరువాతదే. రోజూ ఇన్ని నిముషాల కథ తీసి తీరాలి అన్న సాధన ఎవరికైనా మేలే చేస్తుంది. ప్రశ్నల ఆట ఊహించిన ముగ్గురిలో ఒకడైన స్టీవెన్ నైట్, 2013లో మొదలైన 'పీకీ బ్లైండర్స్' అనే ప్రఖ్యాత ధారావాహికకి సృష్టికర్త. చిన్న పని, పెద్ద పని అని ఆయన చూసుకోలేదు.

అయితే తల్లిదండ్రులకి ఒక మాట దాచకుండా చెప్పాలి. ఇక్కడ జీతం ఒకటో తారీఖున రాకపోవచ్చు. రేటింగు పడిపోతే సీరియల్ నెల రోజుల్లో ఆగిపోతుంది, దానితోపాటు యాభై ఇళ్ళల్లో పొయ్యి సంగతి ఆలోచించవలసి వస్తుంది. పగలనకా రాత్రనకా పని. ఆడపిల్లలని పంపేటప్పుడు రాత్రి షూటింగు ముగిశాక ఇంటికి బండి పంపుతారా అని అడగడంలో తప్పు లేదు, అడగకపోవడంలోనే తప్పు. అందుచేత ఏడాదికి సరిపడా ఇంటద్దె చేతిలో వుంచుకుని దిగాలి. రెండేళ్ళు గడువు పెట్టుకోవాలి. ఆ రెండేళ్ళలో పేరు రాకపోవచ్చు. పని వచ్చిందా, తరువాతి యూనిట్‌వాళ్ళు తమంతట తాము పిలిచారా అన్నది చూడండి. పిలిచారంటే ఆ పిల్ల గాని పిల్లవాడు గాని వృత్తిలో పడ్డట్టే. ఎవరూ పిలవకపోతే ఉద్యోగానికి తిరిగి రావడంలో నామోషీ ఏమీ లేదు, రాసిన కాగితాలు ఎక్కడికీ పోవు.

ఈలోగా ఇంట్లోనే చేయదగిన పరీక్ష ఒకటుంది. దానికి ఖర్చు లేదు. రాత్రి భోజనాలయ్యాక ఆ కుర్రవాణ్ణి తన కథ మామ్మగారికి చెప్పమనండి. కాగితం చూడకుండా, ఇంగ్లీషు ముక్క లేకుండా, అయిదు నిముషాల్లో. ఆవిడ వక్క కొరుకుతూ వింటుంది. మధ్యలో నిద్రపోయిందా, కథ తిరిగి రాసుకోవాలి. "ఆ పిల్ల అలా ఎందుకు చేసిందిరా?" అని ఎదురు ప్రశ్న వేసిందా, పాత్రకి ప్రాణం వచ్చింది. ఆపేయగానే "తరువాత?" అన్నదా, ఇక ఆలస్యం చేయవద్దు. ఆ రాత్రే దీపం ఆర్పకుండా కూర్చుని మొదటి పేజీ రాయమనండి, పైన తేదీ వేయమనండి.